డాంగిల్ ఫ్రీక్వెన్సీ తప్పుతోందా? టవర్‌తో సరిచూసుకోండి

మా కాలేజీ ల్యాబ్‌కి ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కి గుచ్చే చిన్న రేడియో రిసీవర్) వచ్చిన రోజు ఎఫ్ఎం పాటలు బ్రహ్మాండంగా వినిపించాయి. జీఎస్ఎం (2జీ మొబైల్ సిగ్నల్) పట్టబోతే మాత్రం సిగ్నలంతా పక్కకి జరిగి ఉంది. తప్పు ఫ్రీక్వెన్సీకి ఆధారమైన లోపలి 28.8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌ది. 31 పీపీఎం (పది లక్షల్లో 31 వంతులు) తేడా 100 మెగాహెర్ట్జ్ దగ్గర 3 కిలోహెర్ట్జే, ఎఫ్ఎం దాన్ని లెక్కచేయదు. 945 మెగాహెర్ట్జ్ దగ్గర అదే 29 కిలోహెర్ట్జ్ అవుతుంది. జీఎస్ఎం చానెళ్ల మధ్య ఎడమే 200 కిలోహెర్ట్జ్!

కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు, టవర్ ఉంది. బేస్ స్టేషన్ (అంటే ఆ టవర్) ఫ్రీక్వెన్సీ 0.05 పీపీఎం దాటి తప్పకూడదని ప్రమాణం. అది పంపే ఎఫ్‌సీసీహెచ్ బర్స్ట్‌లో (ఫోన్లు ఫ్రీక్వెన్సీ సరిచేసుకోవడానికి పంపే చిన్న సిగ్నల్ తునకలో) 142 బిట్లూ సున్నాలే, అందువల్ల చానెల్ మధ్య నుంచి 67.7 కిలోహెర్ట్జ్ పైన ఒక్క ఈలలా వస్తుంది. ఆ ఈల మీ దగ్గర ఎంత జరిగి కనిపిస్తే మీ క్రిస్టల్ అంత తప్పుతున్నట్టు. 2జీలో మీ మొబైల్ కూడా ఇలాగే సరిచూసుకుంటుంది.

ముందు డాంగిల్ గుచ్చి, అది వేడెక్కేదాకా 20 నిమిషాలు ఆగండి. నేను ఆగలేదు. చల్లగా ఉన్నప్పుడు 31 చూపించింది, టీ తాగి వచ్చేసరికి 34!

తర్వాత కాలిబ్రేట్ ప్రోగ్రాంతో జీఎస్ఎం 900 బ్యాండ్ వెతకండి. (జియోకి 2జీ లేదు, దాని టవర్ ఇక్కడ పనికిరాదు.) బలమైన చానెల్ ఒకటి ఎంచుకుని దాని మీదే కొలవండి. ఇంకో చానెల్ మీద కూడా చూడండి. రెండూ ఒక పీపీఎం లోపు కలవాలి. కలవకపోతే సగటు తీసి సర్దుకోకండి. టవర్ మరీ దగ్గరైతే గెయిన్ (డాంగిల్ సిగ్నల్‌ని పెంచే మోతాదు) తగ్గించి మళ్లీ కొలవండి.

పిల్లలు ఎక్కువగా బోల్తాపడేది ప్లస్సు, మైనస్సు దగ్గర. వచ్చిన అంకెని ప్రోగ్రాంకే ఇచ్చి మళ్లీ నడపండి. సున్నాకి దగ్గరైతే సరే, రెట్టింపైతే గుర్తు తిరగేయండి. అసలు ఏ చానెలూ దొరక్కపోతే తప్పు మరీ పెద్దదై ఉండొచ్చు. 20 అనో 40 అనో అంచనా ఇచ్చి వెతకండి.

డాంగిల్‌కి పూర్ణసంఖ్యే ఇవ్వగలం. అర పీపీఎం మిగిలినా 945 దగ్గర 470 హెర్ట్జ్. అది మీ డీకోడర్ (సిగ్నల్‌ని చదివే ప్రోగ్రాం) ఎప్పటికప్పుడు సరిచేసుకోవాల్సిందే. కారులో 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తే వచ్చే డాప్లర్ (కదలిక వల్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే మార్పు) 90 హెర్ట్జ్ కూడా ఉండదు, దాని గురించి దిగులొద్దు.

మా డాంగిల్ మీద మార్కర్‌తో 34 అని రాసి పెట్టాను. పక్కనే ‘ఏసీ గదిలో’ అని కూడా.