రెండు వేలతో వ్యాపారం నేర్చుకోవడం ఎలా? ఒక ఉగ్గాని బల్ల లెక్క

మా కాలనీలో ఎవరైనా వ్యాపారం పెడతామన్నారంటే ముందు అప్పు తెస్తారు, తర్వాత బండి కొంటారు, ఏం అమ్మాలో ఆ తర్వాత ఆలోచిస్తారు. నేనూ అదే చేయబోయి, అప్పు పుట్టక ఆగిపోయాను. ఇప్పుడు చూస్తే అదే మేలైంది. అనంతపురం శివార్లలో, సగం ఇళ్లవాళ్లు కూలికి పోయే కాలనీలో నేనూ మా ఆవిడా ఉగ్గాని (బొరుగులు, అంటే మరమరాలు తడిపి చేసే టిఫిన్), బజ్జీ అమ్ముతూ నేర్చుకున్న వరస ఇది. మీరు అమ్మేది ఇడ్లీ కావచ్చు, చేసేది చీరలకు ఫాల్స్ కుట్టే పని కావచ్చు, వరస పెద్దగా మారదు.

ముందు మూడు పొద్దులు ఊరికే కూర్చోండి

ఎక్కడ అమ్మాలనుకున్నారో అక్కడ కూర్చుని, ఎంతమంది పోతున్నారని కాదు, ఎంతమంది నిలబడుతున్నారో లెక్కపెట్టండి. బస్టాపు దగ్గర జనం బాగా ఉంటారు కదా అని మేమూ అనుకున్నాం, కానీ అక్కడున్న అందరి చూపూ బస్సు మీదే. కూలీల అడ్డా దగ్గర జనం తక్కువే, అయితే ఆరు నుంచి ఏడున్నర దాకా మేస్త్రీ కోసం ఖాళీ కడుపుతో ఎదురుచూస్తుంటారు. ఎనిమిది దాటితే అక్కడ కుక్క కూడా ఉండదు. అంటే మేం నాలుగున్నరకే పొయ్యి వెలిగించాలి. అది మీ వల్ల అవుతుందా లేదా అన్నది కూడా ఈ మూడు రోజుల్లోనే తేలిపోతుంది.

పోయినా ఏడుపు రానంత డబ్బే పెట్టండి

మాకది 2,000. స్టవ్, బల్ల, గిన్నెలు ఇంటివే, పెద్ద బాణలి బాడుగకు తెచ్చాం. దయచేసి డైలీ ఫైనాన్స్ జోలికి పోకండి. చేతికి 8,500 ఇచ్చి రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టమంటారు, వినడానికి చిన్నగా ఉంటుంది, పదిహేను వందలేగా అనిపిస్తుంది, కానీ మొదటిరోజు నుంచే అసలు తిరిగి కట్టేస్తున్నారు కాబట్టి లెక్క కడితే నూటికి నెలకు పది రూపాయల వడ్డీ దగ్గరికి వస్తుంది. వాన పడి బల్ల వేయని రోజు కూడా ఆ వంద కట్టాల్సిందే.

మొదటి రోజు పాడవుతుంది

ఇంట్లో ఇద్దరికి చేసే ఉగ్గాని వేరు, నలభై మందికి చేసేది వేరు. టెన్షన్‌తో నేను బొరుగులన్నీ ఒకేసారి నీళ్లలో పోసి ఉల్లిపాయలు కోస్తూ కూర్చున్నాను. తీసేసరికి పిడికిట్లో గంజిలా జారిపోతున్నాయి. పుట్నాల పొడి ఎంత చల్లినా ముద్ద ముద్దే. అడ్డాలో ఒక పెద్దమ్మ పొట్లం విప్పి చూసి, "ఏం నాయనా, బొరుగులు నీళ్లల్లో పోసి నిద్రపోయినావా? ముంచి, పిండి, తీసేయల్ల. వాయి వాయికీ అంతంతే తడపల్ల" అంది. ఆ రోజు నష్టం 600 పైచిలుకు. పెద్దమ్మ మాత్రం మరుసటి రోజూ వచ్చి కొంది, చూద్దామని వచ్చిందో జాలిపడి వచ్చిందో తెలియదు.

ప్రతి పైసా రాయండి, మీ కూలితో సహా

అసలు చదువంతా ఇక్కడే ఉంది. మొదటి వారం మా రోజు లెక్క సుమారుగా ఇది: బొరుగులు 200, నూనె 180, ఉల్లి, టమాటా, మిర్చి కలిపి 150, శనగపిండి 120, గ్యాస్ 120, పుట్నాలు 60, ప్లేట్లు, కవర్లు 60. మొత్తం 890. ముప్పై చొప్పున 40 ప్లేట్లు పోతే 1,200. మిగిలింది 310. బాగానే ఉందే అని సంబరపడ్డాం. కానీ చేసింది ఇద్దరం. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి ఒక్కొక్కరికి రోజుకు 307. అంటే మా ఇద్దరిలో ఒకరం ఊరికే పనిచేస్తున్నట్టే! గ్యాస్ ఇంటిదే కదా అని చాలామంది రాయరు, అక్కడే మోసపోతారు.

ఆ లెక్క చూశాకే ప్లేటు విడగొట్టాం. ఉగ్గాని 20, బజ్జీ ఒకటి 5. జేబులో ఇరవయ్యే ఉన్నవాళ్లు కూడా ఆగడం మొదలుపెట్టారు, ఉన్నవాళ్లు బజ్జీలు మూడు నాలుగు తిన్నారు. అమ్మకం పెరిగింది.

గల్లా డబ్బాలోంచి ఇంటికి పాలప్యాకెట్ కొన్నా అది రాయాల్సిందే. మేం దీనిమీద రెండుసార్లు పోట్లాడుకున్నాం.

"రేపిస్తాలే అన్నా" అన్నవాళ్లతో

పని దొరకని రోజు కూలోళ్ల దగ్గర నిజంగానే డబ్బుండదు, కాదంటే మనసొప్పదు. మనిషికి ఒక ప్లేటు బాకీ, అది తీరాకే రెండోది అని పెట్టుకున్నాం. పేరు వాళ్ల ముందే రాస్తాం. ఇద్దరు ముగ్గురు ఎగ్గొట్టారు, పోనీలెండి.

అప్పు గురించి ఇప్పుడు ఆలోచించండి

కనీసం రెండు నెలల లెక్క చేతిలో ఉన్నాక డ్వాక్రా సంఘంలో అడగండి. పట్టణాల్లో వీధి వ్యాపారులకు అప్పిచ్చే కేంద్ర పథకం పీఎం స్వనిధి ఉంది, పూచీకత్తు అక్కర్లేదు. 2020లో మొదలైనప్పుడు తొలి విడత 10,000, 2025లో దాన్ని 15,000 చేశారు. సరిగ్గా కడితేనే తర్వాతి విడత. మున్సిపల్ ఆఫీసులో అడిగితే కాగితాల సంగతి చెబుతారు.

మా ఆవిడ నోటుబుక్కు పట్టుకుని సంఘం మీటింగుకు వెళ్లింది. బండికి ఎంత కావాలని లీడరక్క అడిగితే, "బండి వద్దక్కా, ఆరున్నరకు బజ్జీల దగ్గర జనం ఆగలేక వెళ్లిపోతున్నారు, రెండో స్టవ్, ఒక బాణలి చాలు" అంది. మొదట్లో నేను అడగబోయింది యాభై వేలు.