కేకు తయారయ్యేలోగా గొలుసు కుట్టు
ఓవెన్ లేని ఇంట్లోనూ రవ్వ కేకు చక్కగా కుదురుతుంది. కప్పు బొంబాయి రవ్వ, ముప్పావు కప్పు చక్కెర, అరకప్పు పెరుగు, అరకప్పు పాలు, పావు కప్పు నూనె కలిపి 20 నిమిషాలు మూతపెట్టి నానబెట్టాలి. ఇది మానేస్తే తినేటప్పుడు రవ్వ పలుకులు పంటికి తగులుతాయి. ఈలోగా పాత కుక్కర్ అడుగున అంగుళం మందాన ఉప్పు పరిచి, పైన స్టాండు పెట్టి, గాస్కెట్, విజిల్ తప్పనిసరిగా తీసేసి, మధ్యస్థమైన మంటపై 10 నిమిషాలు వేడి చేయాలి. వంటసోడాకు పెరుగు పులుపు తగలగానే బుడగలు పుడతాయి కనుక, టీస్పూను బేకింగ్ పౌడరును, పావు టీస్పూను సోడాను చివరి క్షణంలోనే కలిపి, నూనె రాసిన గిన్నెలో వెంటనే పోసి, కుక్కర్‌లో దించి సన్నని సెగపై ఉంచాలి.

తర్వాతి 40 నిమిషాల్లో మాటిమాటికీ మూత తీసి చూడాలనే ఆత్రం (ఇది పిల్లలకన్నా పెద్దలకే ఎక్కువ) కేకును కుంగదీస్తుంది. ఆ చేతులకు పని కల్పించడానికి నూలు గుడ్డ, ఫ్రేము, సూది చాలు. ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారం నుంచి రెండు పోగులు విడదీసి, సూది పైకి వచ్చిన చోటే మళ్లీ గుచ్చి, కాస్త ముందుకు మొన తేల్చి, దారాన్ని ఆ మొన కిందుగా తిప్పి లాగితే ఒక గొలుసు పడుతుంది. బిగించి లాగితే గుడ్డ ముడుచుకుంటుంది. ఒక అంచు పూర్తయ్యేసరికి కేకులో పుల్ల గుచ్చి చూసి, తడి అంటకపోతే దించి, బాగా చల్లారాకే గిన్నె బోర్లించాలి.