ఆట మధ్యలో ఆగిపోయే ఓవర్‌క్లాక్ ప్రాసెసర్: లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

డిసెంబరులో నా ఆరు కోర్ల ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేసి, అంటే కంపెనీ పెట్టిన వేగాన్ని దాటించి, 5 గిగాహెర్ట్జ్‌కు పెంచాను. 1.33 వోల్టులు ఇచ్చి ప్రాసెసర్‌ను పరీక్షించే ప్రైమ్95 ప్రోగ్రామును గంటసేపు నడిపితే తొణకలేదు, బెణకలేదు. నాలుగు నెలలు హాయిగా ఆడుకున్నాను. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఆట మొదలైన ఇరవై నిమిషాలకు బ్లూ స్క్రీన్ (విండోస్ కుప్పకూలి తప్పు పేరు చూపే తెర). మళ్లీ మొదలుపెడితే మళ్లీ అదే. గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చాను, విండోస్ కొత్తగా వేశాను, ఆటను తీసేసి ఎనభై జీబీ మళ్లీ దించుకున్నాను. రెండు రోజులు పోయాక తేలింది ఏమిటంటే, నేను పెట్టిన వోల్టేజీ డిసెంబరు చలికి సరిపోయింది, ఏప్రిల్ ఎండకు చాలలేదు. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) ఒక్క పని ముందే చేసి ఉంటే అదే సాయంత్రం తెలిసేది.

ముందుగా చేయవలసిన పని

ఇప్పుడున్న సెట్టింగులను బయోస్‌లో ప్రొఫైల్‌గా దాచుకుని, అన్నిటినీ డిఫాల్ట్‌కు తీసుకురండి. ర్యామ్‌కు ఎక్స్‌ఎంపీ (దాని కంపెనీ చెప్పిన అధిక వేగాన్ని ఇచ్చే సెట్టింగు) ఆన్ చేసి ఉంటే అదీ పోతుంది, పోనివ్వండి. గ్రాఫిక్స్ కార్డు వేగాన్ని పెంచి ఉంటే దాన్ని కూడా దించండి. ఇప్పుడు ఎక్కడ ఆగిపోతోందో అదే ఆటను, అదే చోట, అంతే సేపు ఆడండి. అయినా ఆగిపోతే ఓవర్‌క్లాకింగ్‌కు ఆ పాపంలో భాగం లేదు. ర్యామ్ కడ్డీలు, ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె), గ్రాఫిక్స్ కార్డు వైపు చూడాలి. ఆగకపోతే మొదట ఎక్స్‌ఎంపీ ఒక్కటే ఆన్ చేసి ఒక పూట ఆడండి, ఆ తర్వాతే ప్రాసెసర్ వేగం పెంచండి. రెండూ కలిపి ఆన్ చేస్తే దొంగ ఎవరో ఎప్పటికీ తెలియదు.

ఇక్కడే చాలామంది వాదిస్తారు: “ప్రైమ్95 నెగ్గింది కదా, ప్రాసెసర్ తప్పు కాదు” అని. నేనూ అదే అనుకున్నాను. ప్రైమ్95 పెట్టే భారం చాలా ఎక్కువ, కానీ అది నిలకడగా ఉంటుంది. ఆటలో అలా కాదు. ఒక క్షణం రెండు కోర్లు మాత్రమే పనిచేస్తాయి, మరుక్షణం కొత్త దృశ్యం తెరుచుకుని అన్నీ ఒక్కసారి లేస్తాయి. వోల్టేజీ తడబడేది ఆ ఎగుడుదిగుడుల దగ్గరే. పైగా ప్రైమ్95 నడిచేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు నిద్రపోతుంది. ఆటలో అది రెండు మూడు వందల వాట్ల వేడిని అదే క్యాబినెట్‌లోకి వదులుతుంది, ప్రాసెసర్ కూలర్ ఆ వేడి గాలినే పీల్చుకుంటుంది.

లక్షణం: బ్లూ స్క్రీన్

దాని మీద కనిపించే పేరును ఫోనుతో ఫొటో తీసుకోండి. “వీయా (WHEA) అన్‌కరెక్టబుల్ ఎర్రర్” గానీ “క్లాక్ వాచ్‌డాగ్ టైమౌట్” గానీ వస్తే, ఓవర్‌క్లాక్ చేసిన యంత్రంలో మొదటి అనుమానం ప్రాసెసర్‌కు చాలని వోల్టేజీ మీదే. “మెమొరీ మేనేజ్‌మెంట్” వస్తే ర్యామ్ వైపు చూడండి. ఒక్కోసారి ఒక్కో కొత్త పేరు వస్తుంటే కూడా ర్యామ్‌నే ముందు పట్టుకోవాలి. మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని నాలుగు విడతలు నడిపితే ఒక్క తప్పు కూడా రాకూడదు. ఎక్స్‌ఎంపీ కంపెనీ ఇచ్చిన వేగమే కదా అనుకుంటారు కానీ, ప్రాసెసర్ దృష్టిలో అదీ ఓవర్‌క్లాకే. ముఖ్యంగా నాలుగు కడ్డీలు వేసినవాళ్లు ర్యామ్ వేగాన్ని ఒక మెట్టు తగ్గించి చూడాలి.

బ్లూ స్క్రీన్ రాకముందే విండోస్ హెచ్చరిస్తూ ఉంటుంది, మనమే చూడం. ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సిస్టమ్ చిట్టాలో “వీయా లాగర్” అనే పేరు వెతకండి. 19వ నంబరు ఘటన ఉంటే, ప్రాసెసర్ ఒక తప్పు చేసి తనే దిద్దుకుందని అర్థం. తప్పు దిద్దుకునే ప్రాసెసర్ రేపు దిద్దుకోలేని తప్పు చేస్తుంది. నా పాత విండోస్ చిట్టాలో మార్చి నెలాఖరు నుంచే అవి వరుసగా ఉన్నాయి.

పరిష్కారం రెండు రకాలు. ఒకటి, వోల్టేజీని 0.01 చొప్పున పెంచుతూ ప్రతిసారీ ఆడి చూడటం. రెండోది, వేగాన్ని 100 మెగాహెర్ట్జ్ తగ్గించడం. నేను రెండోదాన్నే ముందు చేయమంటాను. 5 గిగాహెర్ట్జ్ 4.9 అయితే పోయేది నూటికి రెండు వంతులు, ఆటలో అది కంటికి కనిపించదు. వోల్టేజీ పెంచితే మాత్రం వేడి ఆ వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి పెరుగుతుంది. ఆ వేడికి మళ్లీ వోల్టేజీ చాలదు, మళ్లీ పెంచాలి. గానుగెద్దు తిరిగినట్టు తిరగడమే.

ఎంత పెంచినా ఫలితం లేకపోతే లోడ్‌లైన్ కాలిబ్రేషన్ చూడండి. బయోస్‌లో మీరు 1.33 అని రాసినా, భారం పడగానే అది 1.26కు జారవచ్చు. ఆ జారుడును తగ్గించేదే ఈ సెట్టింగు. మధ్య మెట్టు చాలు. పూర్తిగా బిగిస్తే భారం తగ్గిన క్షణంలో వోల్టేజీ పైకి ఎగిరిపడుతుంది, అది చిప్‌కు మంచిది కాదు. ఒక చిక్కు ఏమిటంటే, కొన్ని బోర్డుల్లో 1వ మెట్టు అన్నిటికన్నా గట్టిది, మరికొన్నింటిలో అన్నిటికన్నా మెత్తనిది. మీ బోర్డు పుస్తకం చూడకుండా ఎవరో చెప్పిన అంకె వేయవద్దు.

లక్షణం: వేడి ఎక్కాకే ఆగిపోతుంది

మొదటి పదిహేను నిమిషాలు బాగానే ఉండి ఆ తర్వాత పోతుందా? వేడి, వోల్టేజీ చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామును వెనక నడుపుతూ ఆడండి. చాలా ఇంటెల్ కోర్ ప్రాసెసర్లకు హద్దు 100 డిగ్రీలు, ఏఎండీ రైజెన్ 7000 వరుసలో ఎక్కువ వాటికి 95. ఆ హద్దుకు చేరితే ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది తప్ప సాధారణంగా ఆగిపోదు. మరి క్రాష్ ఎందుకు? ఓవర్‌క్లాక్ చేసిన చిప్‌కు వేడి పెరిగే కొద్దీ అదే వేగానికి ఇంకాస్త వోల్టేజీ కావాలి. 70 డిగ్రీల దగ్గర చాలిన 1.33, 88 దగ్గర చాలదు. హద్దు ఇంకా దూరంగా ఉండగానే పడిపోతుంది, మీరేమో “వంద దాటలేదు కదా” అనుకుంటారు.

గది వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ వేడి కూడా ఇంచుమించు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. జనవరిలో 22 ఉన్న గది, విజయవాడలోనో రామగుండంలోనో మే నెలలో 38 అవుతుంది. మీ లెక్కలో ఆ పదహారు డిగ్రీలు ముందే ఉండాలి. కూలర్ రెక్కల్లో దుమ్ము దులపండి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్చండి. క్యాబినెట్ పక్క తలుపు తీసి ఒకసారి ఆడి చూడండి. వేడి బాగా తగ్గితే తప్పు కూలర్‌ది కాదు, గాలి రాకపోకలది. వాటర్ కూలర్ ఉన్నవాళ్లు మరో సంగతి చూడాలి. ప్రాసెసర్ చల్లగానే ఉంటుంది, కానీ దాని పక్కనే బోర్డు మీద కరెంటును సర్దే వీఆర్‌ఎం భాగాలకు గాలి తగలదు. ప్రాసెసర్ వేడి 70లోనే ఉండగా వేగం ఉన్నట్టుండి పడిపోతుంటే అనుమానం అక్కడే.

లక్షణం: టక్కున కరెంటు పోయినట్టు ఆరిపోతుంది

బ్లూ స్క్రీన్ లేదు, హ్యాంగ్ లేదు, నేరుగా చీకటి లేదా రీస్టార్ట్. ఈవెంట్ వ్యూయర్‌లో “కెర్నల్ పవర్ 41” కనిపిస్తుంది. దాన్ని చూసి ఎస్‌ఎంపీఎస్ పోయిందని కొత్తది కొన్నవాళ్లు ఉన్నారు. 41 చెప్పేది ఒక్కటే: కంప్యూటర్ సరిగా షట్‌డౌన్ కాలేదు అని. ఎందుకో అది చెప్పదు.

యూపీఎస్ ఉంటే దాన్ని తీసి, నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి ఆడండి. ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సుమారు 360 వాట్లు. ఓవర్‌క్లాక్ చేసిన ప్రాసెసర్, పెద్ద గ్రాఫిక్స్ కార్డు కలిస్తే ఆ హద్దు దాటడం ఎంతసేపు? ఆ తర్వాత ప్రాసెసర్ దగ్గరి ఎనిమిది పిన్నుల తీగ పూర్తిగా దిగిందో లేదో చూడండి. గ్రాఫిక్స్ కార్డుకు రెండు సాకెట్లు ఉంటే రెండు వేర్వేరు తీగలు ఇవ్వండి, ఒకే తీగకు వేలాడే రెండు కొసలు కాదు.

లక్షణం: ఆట మాత్రమే మూసుకుపోతుంది

ఇది తేల్చడం కష్టం, ఎందుకంటే ఆటలోని లోపం కూడా ఇలాగే ఉంటుంది. ఒక్క ఆటే మూసుకుపోతుంటే ఆటను అనుమానించండి, మూడు ఆటలు మూసుకుపోతుంటే యంత్రాన్ని.

ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ ఉన్నవాళ్ల సంగతి వేరు. షేడర్లు (దృశ్యాలను గీయించే చిన్న ప్రోగ్రాములు) సిద్ధమయ్యే దశలో ఆట మూసుకుపోయి, గ్రాఫిక్స్ మెమొరీ చాలడం లేదనే సందేశం వస్తే, కార్డులో మెమొరీ కావలసినంత ఉన్నా సరే, అనుమానించవలసింది ప్రాసెసర్‌నే. వోల్టేజీ ఎక్కువై చిప్ అరిగిపోయే ఈ సమస్యను 2024లో కంపెనీయే ఒప్పుకుని, బయోస్ ద్వారా మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాల) సవరణలు ఇచ్చింది, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. బయోస్ తాజాది వేసి, ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగులు ఎంచుకోండి. అప్పటికే అరిగిన చిప్‌ను మాత్రం ఏ బయోస్ బాగుచేయదు. డిఫాల్ట్‌లో కూడా ఆగిపోతుంటే వారంటీలో మార్పించుకోవడమే.

లక్షణం: ఆటలో కాదు, ఆట ముగించాక

డెస్క్‌టాప్‌కు వచ్చి పాటలు వింటుంటే రీస్టార్ట్ అవుతుంది. రైజెన్‌లో కర్వ్ ఆప్టిమైజర్ అనే బయోస్ సెట్టింగుతో వోల్టేజీ తగ్గించినవాళ్లకు ఇది బాగా తెలిసిన బాధ. భారం తక్కువగా ఉన్నప్పుడు ఒక కోర్ అత్యధిక వేగానికి ఎగురుతుంది, అక్కడ మీరు కోసేసిన వోల్టేజీ కావలసి వస్తుంది. అన్ని కోర్లకూ మైనస్ 30 పెట్టి ఉంటే, వాటిలో మేలైన రెండు కోర్లకు మైనస్ 10 దాకా తీసుకురండి. మంచి కోర్లు కంపెనీ అమరికలోనే తక్కువ వోల్టేజీలో నడుస్తాయి కాబట్టి వాటిని ఇంకా పిండడానికి చోటు ఉండదు.

ఇప్పుడు నా బయోస్‌లో రెండు ప్రొఫైళ్లు ఉన్నాయి. ఒకటి 5 గిగాహెర్ట్జ్, మరొకటి 4.8. మామిడికాయలు అంగట్లోకి రాగానే రెండోదానికి మారతాను, నవంబరులో మళ్లీ మొదటిదానికి వస్తాను.