సెన్సిటివిటీ పేస్ట్ వాడుతున్నా పళ్లు జివ్వుమంటుంటే: సమస్య - పరిష్కారం

చల్లటి నీళ్లు తాగితే పళ్లు జివ్వుమంటున్నాయని పేస్ట్ తెచ్చుకుంటారు. రెండు పూటలా తోముతారు. రెండు నెలలయ్యాక "ఏం తగ్గలేదండీ" అంటూ మా డెంటల్ క్లినిక్‌లో నా ముందు కుర్చీలో కూర్చుంటారు. నేను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఏ పన్ను? దాదాపు అందరూ "ఈ వైపు" అంటూ బుగ్గ మీద అరచెయ్యి పెడతారు. పేస్ట్ కొనకముందే చూసుకోవాల్సింది అదే.

అద్దం ముందు నిలబడి ఒక ఇయర్‌బడ్‌ని ఐస్ నీళ్లలో ముంచండి. ఒక్కో పన్నుకీ, చిగురు అంచు దగ్గర, ఒక్క క్షణం ఆనించి తీసేయండి. ఒక పన్నుకీ ఇంకో పన్నుకీ మధ్య కాస్త ఆగండి, లేకపోతే ఏది ఏదో కలిసిపోతుంది. గమనించాల్సినవి రెండే. ఎన్ని పళ్లు జివ్వుమన్నాయి? ఇయర్‌బడ్ తీసేశాక నొప్పి ఎంతసేపు ఉంది?

నాలుగైదు పళ్లు జివ్వుమని, తీసిన వెంటనే ఆగిపోతే అది పేస్ట్‌తో తగ్గే సమస్యే. ఎక్కువగా కోరపళ్లు, వాటి వెనకున్న చిన్న దవడ పళ్లే ఇలా ఉంటాయి. ఒక్క పన్నే అయితే, లేదా తీసేశాక కూడా అర నిమిషం దాకా సలుపుతూ ఉంటే, పేస్ట్ మీద ఆశ పెట్టుకుని రోజులు గడపకండి. అర్ధరాత్రి దానంతటదే నొప్పి లేస్తున్నా, వేడికి ఎక్కువవుతున్నా, చిగురు వాచినా ఈ వ్యాసం పక్కన పెట్టి డెంటిస్ట్ దగ్గరికి వెళ్లండి.

వారం వాడాను, ఏ మార్పూ లేదు

పన్ను పైన ఎనామిల్ ఉంటుంది, దాని కింద డెంటిన్. డెంటిన్ నిండా కంటికి కనపడనంత సన్నని గొట్టాలు ఉంటాయి, వాటిలో ద్రవం ఉంటుంది. చిగురు కిందికి జారినా, ఎనామిల్ అరిగినా ఈ గొట్టాల మూతులు తెరుచుకుంటాయి. చల్లదనం తగలగానే లోపలి ద్రవం కదిలి నరాన్ని తట్టి లేపుతుంది. 1960లలో స్వీడన్‌కు చెందిన మార్టిన్ బ్రాన్‌స్ట్రోమ్ ఇలా వివరించాడు, ఇప్పటికీ మేం నమ్మేది దాన్నే.

పేస్టులు రెండు దారుల్లో పనిచేస్తాయి. 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్నవి నరాన్ని నెమ్మదింపజేస్తాయి. స్టానస్ ఫ్లోరైడ్, ఆర్జినిన్, కాల్షియం సోడియం ఫాస్ఫోసిలికేట్ లాంటివి గొట్టాల మూతులు మూస్తాయి. ట్యూబ్ వెనక చిన్న అక్షరాల్లో మీది ఏ రకమో రాసి ఉంటుంది. పొటాషియం రకం తలనొప్పి మాత్ర కాదు, వేసుకోగానే తగ్గడానికి. రోజూ రెండు పూటలా వాడితే 2 నుంచి 4 వారాల్లో తేడా తెలుస్తుంది. నొప్పి ఉన్న రోజు వాడి, లేని రోజు మామూలు పేస్ట్‌కి మారిపోతే మళ్లీ మొదటికే వస్తుంది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఇది మొదలుపెట్టకండి.

నెల దాటింది, ఇంకా అంతే

తోమాక ఏం చేస్తున్నారో చెప్పండి. గ్లాసు నిండా నీళ్లు తీసుకుని నాలుగుసార్లు పుక్కిలిస్తున్నారా? అలాగైతే పేస్ట్‌లోని మందు పన్ను మీద నిలిచేదెప్పుడు? నురగ ఉమ్మేసి ఊరుకోండి. నోరు అదోలా ఉంటుంది, రెండు మూడు రోజుల్లో అలవాటైపోతుంది. రాత్రి పడుకునే ముందు శనగగింజంత పేస్ట్ వేలికి తీసుకుని జివ్వుమనే చోట చిగురు అంచున ఒక నిమిషం రుద్ది, కడగకుండా పడుకోండి. నా దగ్గరికొచ్చేవాళ్లలో చాలామందికి ఈ ఒక్క మార్పే సరిపోతుంది.

ఇంకోటి, పొద్దున సెన్సిటివిటీ పేస్ట్, రాత్రి పళ్లు తెల్లబడే పేస్ట్ లేదా బొగ్గు పొడి వాడేవాళ్లు ఉంటారు. ఒక పూట పూడ్చుకున్నదాన్ని ఇంకో పూట గీకేసుకుంటున్నట్టే. ఆ రెండోదాన్ని ఆపేయండి.

తగ్గింది, మళ్లీ వచ్చింది

పేస్ట్ తన పని చేసింది, గొట్టాల మూతులు మళ్లీ ఏదో తెరుస్తోందన్న మాట. అది పులుపు, బ్రష్ కలిసి చేసే పని. పుల్లటిది తిన్నాక పళ్లు పులిశాయంటాం కదా, అప్పుడు పన్ను పైపొర నిజంగానే మెత్తబడుతుంది. పీహెచ్ (పులుపును చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 దగ్గరే ఎనామిల్ కరగడం మొదలవుతుంది, చిగురు కింద బయటపడిన వేరు భాగం అంతకన్నా ముందే కరుగుతుంది. పొద్దున్నే నిమ్మరసం తాగి, వెంటనే బ్రష్ పట్టుకుంటే మెత్తబడిన పొరను చేతులారా తుడిచేసినట్టే. పుల్లటివీ, కూల్‌డ్రింకులూ తాగాక మామూలు నీళ్లతో పుక్కిలించి, అరగంట నుంచి గంట ఆగి తోమండి. గంటలకొద్దీ గుక్కగుక్కగా చప్పరించడం కన్నా ఒకేసారి తాగేయడం మేలు.

మీ బ్రష్ ఒకసారి చూడండి. కొని నెల కూడా కాకుండానే కుచ్చులు రెండు వైపులా విచ్చుకుని ఉన్నాయా? చెయ్యి బరువుగా పడుతోంది. మెత్తటి కుచ్చుల బ్రష్ తీసుకుని, పిడికిలితో కాకుండా పెన్ను పట్టుకున్నట్టు పట్టుకోండి.

ఒకే పన్ను, పిప్పి కనపడదు, ఎక్స్‌రే బాగానే ఉంది

ఇక్కడ నేను మోసపోయాను, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను.

నలభై దాటిన ఒకావిడ వచ్చారు. కింది దవడ పన్ను చల్లటి నీళ్లకి జివ్వుమంటోంది. ఆ పన్నులో ఎప్పుడో వేయించుకున్న పెద్ద ఫిల్లింగ్ ఉంది, చెక్కుచెదరలేదు. చిగురు కొద్దిగా జారింది. ఎక్స్‌రేలో ఏమీ లేదు. చిగురు జారడం వల్లేనని పేస్ట్ రాసిచ్చాను. నెల తర్వాత "సగం తగ్గిందండీ" అన్నారు. కొనసాగించమన్నాను. మరో రెండు నెలలకి వచ్చినప్పుడు ఆవిడ ఒక మాట అన్నారు: "కొరికేటప్పుడు కాదండీ, కొరికి వదిలేటప్పుడు చురుక్కుమంటోంది." ఆ మాట వినగానే నాకు గుండె జారిపోయింది.

అది పగులు. కొరికినప్పుడు పగులు రెండు ముక్కలూ వెంట్రుకవాసి విడిపోతాయి. వదిలేసినప్పుడు చటుక్కున దగ్గరకొస్తాయి, లోపలి ద్రవం ఒక్కసారిగా కదులుతుంది, చురుక్కుమంటుంది. ఎక్స్‌రేలో కనపడకపోవడానికీ కారణం ఉంది. ఇలాంటి పగులు సాధారణంగా ముందు నుంచి వెనక్కి సాగుతుంది. కిరణాలేమో బుగ్గ వైపు నుంచి లోపలికి వెళ్తాయి. పగులు వాటికి అడ్డంగా పరిచినట్టు ఉంటుంది కాబట్టి ఫిల్మ్ మీద గీత పడదు. ఆవిడ పన్నుకి పక్కనుంచి సన్నని లైట్ పెట్టి చూస్తే వెలుగు సగం దాకా వచ్చి గోడ తగిలినట్టు ఆగిపోయింది. అవతలి సగం చీకటి.

మరి పేస్ట్‌తో సగం ఎలా తగ్గింది? పొటాషియం నరాన్ని కొంత శాంతపరిచింది. నొప్పికి భయపడి ఆవిడ తెలియకుండానే రెండో వైపు నమలడం మొదలుపెట్టారు. ఆ రెండూ కలిసి మా ఇద్దరినీ నమ్మించాయి. ఈలోగా పగులు లోతుకి దిగింది. మొదట్లోనే పట్టుకుని ఉంటే బహుశా ఒక క్యాప్‌తో సరిపోయేది. చివరికి రూట్ కెనాల్ చేసి, ఆపైన క్యాప్ వేయాల్సి వచ్చింది. పన్ను దక్కింది. పగులు వేరులోకి దిగిపోయి ఉంటే తీసేయడం తప్ప దారి ఉండేది కాదు.

అందుకే ఇప్పుడు ఒకే పన్ను అనగానే పేస్ట్ పేరు ఎత్తే ముందు ఇది చూస్తాను. ఇంట్లో మీరూ చూసుకోవచ్చు. శుభ్రమైన మెత్తటి గుడ్డ నాలుగు మడతలు పెట్టి, అనుమానం ఉన్న పన్ను మీద మాత్రమే పెట్టి మెల్లగా కొరకండి. ఒక్క క్షణం ఆగి చటుక్కున వదలండి. వదిలినప్పుడు చురుక్కుమంటే అది పగులే కావచ్చు. గట్టివి పెట్టి కొరికి చూడకండి, ఉన్న పగులు పెద్దదవుతుంది. చురుక్కు అనకపోయినా పగులు లేదని ధీమాగా ఉండకండి, ఒకసారి వచ్చిన నొప్పి రెండోసారి రాకపోవడం దీని స్వభావం. పెద్ద పాత ఫిల్లింగ్ ఉన్న పన్నుల్లోనూ, నిద్రలో పళ్లు నూరే అలవాటు ఉన్నవాళ్లలోనూ మరీ అనుమానించండి. అపాయింట్‌మెంట్ దొరికేదాకా ఆ వైపు నమలొద్దు. డాక్టర్ దగ్గర "జివ్వుమంటోంది" అని ఆపేయకండి, కొరికినప్పుడా వదిలినప్పుడా అన్నది కూడా చెప్పండి. మాకు కావాల్సింది ఆ ముక్కే.

మిగిలినవి

గార తీయించుకున్నాక జివ్వుమనడం మామూలే, ఇన్నాళ్లూ గార కింద దాక్కున్న వేరు బయటపడింది. కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. పళ్లు తెల్లబరిచే జెల్ వాడాక వచ్చేదీ అంతే, జెల్ ఆపితే తగ్గుతుంది. కొత్తగా ఫిల్లింగ్ వేసిన పన్ను కొరికినప్పుడు మిగతావాటికన్నా ముందు తగులుతుంటే ఫిల్లింగ్ ఎత్తు తగ్గించాలి, ఐదు నిమిషాల పని. పై దవడ పళ్లన్నీ ఒకేసారి బరువెక్కి, వంగితే ఎక్కువైతే, జలుబు కూడా ఉంటే అది సైనస్. పై పళ్ల లోపలి వైపు అరిగి, తరచూ పుల్లటి తేన్పులు వస్తుంటే ముందు కడుపు సంగతి చూపించుకోండి.