డారా జె "బూమరాంగ్" వినడం, దాని రివ్యూలు చదవడం ఎలా

ఆఫ్రికన్ హిప్‌హాప్ ఎక్కడ మొదలెట్టాలి అని అడిగితే నేను ముందు చెప్పేది సెనెగల్ గ్రూప్ డారా జె 2003లో తెచ్చిన "బూమరాంగ్" ఆల్బమ్ పేరే, పాటలు బాగుంటాయి, పైగా క్రిటిక్స్ ఎక్కడ సరిగ్గా విన్నారో ఎక్కడ ఊరికే మెచ్చేసుకున్నారో కూడా దీంతో బాగా తెలుస్తుంది.

ముందు రివ్యూల జోలికి వెళ్ళకండి. సెనెగల్‌లో మాట్లాడే వోలోఫ్, ఫ్రెంచ్, ఇంగ్లీష్, స్పానిష్ అన్నీ కలిపి కొడతారు కాబట్టి మాటలు అంతుపట్టవు, పర్లేదు, మొదటిసారి దరువు మీదే చెవి పెట్టండి. సెనెగల్ దరువు అలవాటు కావాలంటే విడిగా ఒక సబర్ డ్రమ్ వీడియో చూడండి, ఒక చేతిలో సన్నటి పుల్ల, రెండోది ఉత్తి చెయ్యి, పుల్ల దెబ్బ ఠప్పుమని పైకి వస్తుంది, అరచేతి దెబ్బ లావుగా కింద ఉంటుంది. ఆ తేడా చెవికెక్కాక మళ్ళీ ఆల్బమ్‌కి రండి, ర్యాప్ చేసే గొంతు ఎక్కడ ఆ డ్రమ్ లాగా ఉరుకుతుందో, ఎక్కడ మామూలు హిప్‌హాప్ బీట్ మీద నడుస్తుందో మీకే తెలిసిపోతుంది. మాలి దేశపు సింగర్ రోకియా త్రవోరే పాడిన పాట మాత్రం రెండుసార్లు వినండి.

ఇప్పుడు రివ్యూలు. 2004లో బీబీసీ రేడియో 3 వరల్డ్ మ్యూజిక్ అవార్డుల్లో ఆఫ్రికా అవార్డు వీళ్ళకే వచ్చింది. గొప్పే, కాదనను, కానీ అది వరల్డ్ మ్యూజిక్ వాళ్ళ మెప్పు, వాళ్ళు ట్యూన్, గొంతు, వాయిద్యం చూస్తారు, ర్యాప్ మీద రివ్యూలు రాసేవాళ్ళు ఫ్లో (బీట్ మీద మాటలు నడిచే తీరు), ప్రాస చూస్తారు, అందుకే రెండు వైపుల నుంచీ ఒక్కోటి చదవండి. "సంప్రదాయం, ఆధునికత కలిసిన అద్భుతం" అని ఊదేసి ఏ పాటలో ఏం కలిసిందో ఒక్క ముక్క చెప్పని రివ్యూ అయితే టైం వేస్ట్, వదిలేయండి.

ఇంకోటి, ఆల్బమ్ పేరు వెనక ఒక వాదన ఉంది: ర్యాప్ ఆఫ్రికాలో పుట్టి అమెరికా వెళ్ళి తిరిగొచ్చిందని. సెనెగల్‌లో ఎక్కువగా ఆడవాళ్ళు డ్రమ్ మీద లయగా చెప్పే తాసో అనే కవిత్వాన్ని దానికి సాక్ష్యంగా చూపిస్తారు. వినడానికి భలే ఉంటుంది, అయితే 1973లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, హిప్‌హాప్‌కి పుట్టుక అని చెప్పుకునే పార్టీలు మొదలెట్టిన డీజే కూల్ హెర్క్ జమైకాలో పుట్టినవాడు, అంటే దారి ఇంత సూటిగా లేదు. రివ్యూ రాసినాయన ఈ వాదనని చరిత్ర అన్నట్టు దించేశాడా, గ్రూప్ మాటగా చెప్పి కాస్త ఆలోచించాడా అన్నది చూడండి.

సెనెగల్ రాజకీయాల ఊసు ఉందో లేదో కూడా చూసుకోండి. 2000 ఎన్నికల్లో అప్పటి అధ్యక్షుడు అబ్దు దియుఫ్ ఓడిపోయినప్పుడు కుర్రాళ్ళని ఓటు దాకా కదిలించినవాళ్ళలో అక్కడి ర్యాపర్లూ ఉన్నారు, అదేమీ తెలియకుండా "పాజిటివ్ మెసేజ్" అని రాసి ఊరుకున్న రివ్యూకి నేనైతే సగం మార్కులే వేస్తా.