టెక్సస్ నవంబర్ ఎలక్షన్: ఓటు ఎక్కడ ఆగుతుంది, ఎలా కదిలించాలి

సిటిజన్‌షిప్ వచ్చాక మొదటిసారి ఓటేయబోతున్న మనవాళ్ళ కోసం ఇది. పోలింగ్ 2026 నవంబర్ 3, మంగళవారం. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి, హెచ్1బీ వాళ్ళకి ఓటు లేదు. ఎవరైనా ఓటరు రిజిస్ట్రేషన్ ఫారం చేతిలో పెట్టినా నింపొద్దు, తర్వాత ఇమిగ్రేషన్‌లో అదే మెడకు చుట్టుకుంటుంది.

సమస్య: ఆన్‌లైన్‌లో ఫారం నింపాను, లిస్టులో పేరు లేదు

కారణం ఏంటంటే, డ్రైవింగ్ లైసెన్సు ఆన్‌లైన్‌లో రెన్యూ చేసేటప్పుడు తప్ప టెక్సస్‌లో ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ లేదు. సెక్రటరీ ఆఫ్ స్టేట్ (రాష్ట్రంలో ఎన్నికలు చూసే ఆఫీసు) సైట్‌లో మీరు నింపింది ప్రింట్ తీసుకోవడానికి మాత్రమే. దాన్ని ప్రింట్ చేసి, సంతకం పెట్టి, మీ కౌంటీ (మన జిల్లా లాంటిది) రిజిస్ట్రార్‌కి పోస్ట్ చేయాలి. అక్టోబర్ 5 లోపు పోస్టాఫీసు ముద్ర పడాలి, ఆ తేదీ దాటితే ఈ ఎలక్షన్‌కి ఇంక చేసేదేం లేదు.

సమస్య: పేరు ఉంది, పక్కన "సస్పెన్స్" అని ఉంది

అపార్ట్‌మెంట్ మారారు, పాత అడ్రస్‌కి కౌంటీ పంపిన ఉత్తరం తిరిగెళ్ళింది, అంతే. ఓటు పోలేదు. అదే కౌంటీలో ఉంటే అడ్రస్ మార్చుకోండి, అది కుదరకపోయినా పోలింగ్ దగ్గర ఇంటి అడ్రస్ ఫారం మీద సంతకం పెట్టి ఓటేయొచ్చు. కౌంటీ మారితే మాత్రం కొత్తగా రిజిస్టర్ చేసుకోవాల్సిందే.

సమస్య: ఐడీలో పేరు ఒకలా, లిస్టులో ఒకలా

ఇది అచ్చంగా మన సమస్య. ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ, పొడి అక్షరాలు, పెళ్ళయ్యాక మారిన పేరు. రెండూ దాదాపు ఒకటే అనిపిస్తే మీరే ఆ మనిషినని అక్కడ పొడి సంతకం పెట్టి ఓటేయొచ్చు, కంగారేం లేదు. ఐడీ మీద అడ్రస్ పాతదైనా ఫర్వాలేదు. టెక్సస్ లైసెన్సు, అమెరికా పాస్‌పోర్టు, ఫోటో ఉన్న సిటిజన్‌షిప్ సర్టిఫికెట్, ఏదైనా చెల్లుతుంది.

సమస్య: స్క్రీన్ మీద ప్రెసిడెంట్ పేరే లేదు, మిగతావాళ్ళెవరో తెలీదు

2022లో నేను సరిగ్గా ఇక్కడే ఇరుక్కున్నాను. గవర్నర్ వరకు టకటకా నొక్కేసి, రైల్‌రోడ్ కమిషనర్ దగ్గర ఆగిపోయాను. రైళ్ళకి ఎన్నికలేంటి అని బుర్ర గోక్కున్నాను. తర్వాత తెలిసింది, ఆ కమిషన్‌కి 2005 నుంచి రైళ్ళతో సంబంధమే లేదట, వాళ్ళు చూసేది ఆయిల్, గ్యాస్! పేరు మాత్రం మార్చలేదు.

కారణం సులువే: ఇది ప్రెసిడెంట్ ఎన్నిక ఏడాది కాదు. ఒక అమెరికా సెనేట్ సీటు, కాంగ్రెస్ సీట్లు, గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్, అటార్నీ జనరల్, కంప్ట్రోలర్ (రాష్ట్ర ఖజానా లెక్కలు చూసేవారు), ల్యాండ్ కమిషనర్, అగ్రికల్చర్ కమిషనర్, ఒక రైల్‌రోడ్ కమిషనర్, ఇవన్నీ ఈసారి ఉన్నాయి. ఆ కింద చాంతాడంత జడ్జీల లిస్టు. లెఫ్టినెంట్ గవర్నర్ అంటే ఉత్సవ విగ్రహం అనుకునేరు, రాష్ట్ర సెనేట్‌ని నడిపేది ఆయనే, గవర్నర్‌తో కలిపి కాకుండా విడిగా గెలుస్తారు. బళ్ళో పిల్లల లంచ్ ప్రోగ్రాం అగ్రికల్చర్ కమిషనర్ శాఖ కింద నడుస్తుంది. కౌంటీ జడ్జి పేరుకే జడ్జి, అసలు పని కౌంటీ బడ్జెట్, రోడ్లు చూసుకోవడం.

పైన ఒక్క పార్టీ నొక్కితే అన్నీ పడిపోయే సౌకర్యం 2020 నవంబర్ ఎన్నిక నుంచే లేదు, ప్రతి పదవికి విడిగా నొక్కాలి. పరిష్కారం: కౌంటీ ఎలక్షన్ సైట్‌లో మీ పేరుతో శాంపిల్ బ్యాలెట్ వస్తుంది, ఇంట్లో టీ తాగుతూ చూసుకోండి. తెలియని పదవిని ఖాళీగా వదిలేసినా మిగతా ఓట్లు చెల్లుతాయి. మన దగ్గరిలా నోటా బటన్ మాత్రం ఉండదు. మార్చి ప్రైమరీలో (పార్టీలు తమ అభ్యర్థుల్ని తేల్చుకునే ఎన్నిక) ఏ పార్టీకి వేశారన్నది ఇప్పుడు అడ్డు కాదు.

సమస్య: నోట్స్ ఫోన్‌లో ఉన్నాయి, తీయనివ్వడం లేదు

ఓటేసే చోటికి 100 అడుగుల లోపల ఫోన్ వాడకూడదు. కాగితం మీద రాసుకెళ్ళండి, దానికి అభ్యంతరం లేదు.

సమస్య: అమ్మకి పోస్టల్ బ్యాలెట్ తిరస్కరించారు

65 ఏళ్ళు నిండినవాళ్ళు పోస్ట్‌లో ఓటు అడగొచ్చు. ఎక్కువగా దెబ్బతినేది నంబర్ దగ్గరే: లైసెన్సు నంబరో, సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగు అంకెలో రిజిస్ట్రేషన్‌లో ఉన్నదానితో కలవాలి. ఏది ఇచ్చారో గుర్తులేకపోతే రెండూ రాయించండి. దరఖాస్తు అక్టోబర్ 23 లోపు కౌంటీకి చేరాలి, ఆ రోజున పోస్ట్ చేస్తే సరిపోదు.

సమస్య: ఆఫీసు అయ్యేసరికి ఆలస్యం

అక్టోబర్ 19 నుంచి 30 వరకు ఎర్లీ ఓటింగ్, అంటే ముందే వెళ్ళి ఓటేసే వీలు, కౌంటీలో ఏ సెంటర్‌కైనా వెళ్ళొచ్చు. 3వ తేదీనే కుదిరితే సాయంత్రం ఏడింటికి లైన్లో ఉంటే చాలు, మీ వంతు ఎనిమిదికి వచ్చినా ఓటు వేయనివ్వాల్సిందే.