నడుము కింద 1966 ఉంటే పాతదని కాదు

నెల్లూరు, ఒంగోలులో కొలువు పెట్టె సర్దేటప్పుడు పాత బార్బీ బొమ్మ బయటపడితే ముందు నడుము వెనక కింద చూడండి. అక్కడ 1966 అని ఉంటే సంబరపడొద్దు. అది ఆ ఒంటి అచ్చు రూపొందిన ఏడాది. 1990ల బొమ్మల మీదా అదే ఉంటుంది. పక్కన దేశం పేరు చదవండి. జపాన్ అయితే 1970ల మొదటి ఏళ్లదో, అంతకు ముందుదో అన్న ఆశ ఉంది. మలేషియా, ఇండోనేషియా, చైనా అయితే తర్వాతిది, లేదా పాతదానికి తిరిగి చేసిన నకలు.

చెవి చుట్టూ పచ్చటి మరక కనిపిస్తే గోటితో గీకకండి. కమ్మల్లోని రాగి బొమ్మ తల చేసిన వినైల్‌లోకి (మెత్తటి ప్లాస్టిక్) దిగి అలా అవుతుంది, నకళ్లలో అరుదు. కమ్మ తీసేసి విడిగా దాచండి. పాతదో కాదో వేడినీళ్లలో ముంచి 'పరీక్షించడం' మాత్రం వద్దు, జుట్టు పాడవుతుంది.